సముద్రం అడుగున సక్సౌల్ అడవి

కోక్‌సాయ్‌లో ఉత్తరపు గాలి లేచిందంటే ఆడవాళ్లు ముందు దండెం మీది బట్టలు లాగేస్తారు, ఆ తరవాత పిల్లల్ని కేకేస్తారు. పిల్లలైతే తమంతట తామే పరిగెత్తుకొస్తారు, బట్టలు రావు కదా. గాలి వెంట తెల్లటి దుమ్ము వస్తుంది. అది మన్ను కాదు, ఉప్పు. ఒకప్పుడు అరల్ సముద్రం అడుగున పడి ఉన్న ఉప్పు. నీళ్లు ఎండిపోయాక దాని మీది మూత తీసేసినట్టయింది. టీ గిన్నెల మీద, గొర్రెల ఉన్ని మీద, పడుకున్న పిల్లల కనురెప్పల మీద అది వచ్చి కూర్చుంటుంది. "మా ఊరి టీలో ఉప్పు మేం వెయ్యం, అదే వచ్చి పడుతుంది" అని చుట్టాలతో చెప్పి నవ్వడం కోక్‌సాయ్ వాళ్లకి అలవాటు.

ఈ దుమ్ముతో అందరికంటే ఎక్కువ కాలం పోట్లాడిన మనిషి కుత్లిమురాత్. ఆ దుమ్ము లేవడంలో తన చెయ్యి కూడా ఉందని ఊళ్లో మొదట ఒప్పుకున్నవాడూ అతనే.

అతని తండ్రి చేపలు పట్టేవాడు. కుత్లిమురాత్ పుట్టినప్పుడు ఇంటి గడప నుంచి నీళ్ల దాకా రెండు వందల అడుగులుండేవి. అతనికి మీసం మొలిచే నాటికి పడవ దగ్గరికి పోవాలంటే గాడిద ఎక్కాల్సి వచ్చింది. పెళ్లీడుకొచ్చేసరికి పడవ ఇసుకలో ఒక పక్కకి ఒరిగి పడుకుంది. నీళ్లు కనుచూపు మేరలో లేవు. "ఇంక సముద్రాన్ని నమ్ముకుంటే లాభం లేదురా. చక్రాలున్న పనేదన్నా చూసుకో" అన్నాడు తండ్రి. అలా ఇరవై రెండో ఏట కుత్లిమురాత్ లారీ ఎక్కాడు.

పని ఒకటే. ఇసుక దిబ్బల్లో పెరిగే సక్సౌల్ కట్టెని పట్నానికి చేరవెయ్యడం. రొట్టెల బట్టీకీ, ఇటుకల బట్టీకీ, టీ దుకాణాలకీ అందరికీ అదే కావాలి. సక్సౌల్ చూడ్డానికి చెట్టులా ఉండదు. దానికి ఆకులుండవు, దారాల్లా వేలాడే పచ్చటి పుల్లలే ఆకులు. మాను బూడిద రంగులో మెలికలు తిరిగి ఉంటుంది. గొడ్డలి వేస్తే గొడ్డలే తుళ్లిపడుతుంది. నీళ్లలో వేస్తే రాయిలా మునుగుతుంది. పొయ్యిలో పెడితే మాత్రం బొగ్గులా నిలిచి కాలుతుంది. గొడ్డలి దిగదు కాబట్టి దాన్ని ఎవరూ నరకరు. ట్రాక్టరుకి గొలుసు కట్టి, వేళ్లతో సహా పీకి పారేస్తారు. నలభై ఏళ్లుగా ఇసుకని పట్టుకుని కూర్చున్న చెట్టు పావుగంటలో లారీలో ఉంటుంది.

కుత్లిమురాత్ ఈ పనిలో ఆరితేరాడు. ఎండిన సముద్రం అడుగు మీద ఎక్కడ ఉప్పు పెంకు గట్టిగా ఉంటుందో, ఎక్కడ చక్రం దిగబడుతుందో అతనికి అరచేతి గీతల్లా తెలుసు. దగ్గరి దిబ్బలు అయిపోయాక ఆ ఎండు నేలకి అడ్డంపడి అవతలి దిబ్బలకి పోయేవాడు. ఊళ్లో అతన్ని సక్సౌల్ కుత్లిమురాత్ అనేవారు. ఆ పేరు వింటే అతనికి ఛాతీ పొంగేది. చలికాలంలో అతని లారీ వీధిలోకి వస్తే ముసలమ్మలు గుమ్మాల్లోకి వచ్చి దీవించేవారు. పెళ్లి కూడా అలాగే కుదిరింది. ఆ అబ్బాయి ఇంట్లో పొయ్యి ఆరదని విని, ఊరి చివరి ఇంటావిడ తన కూతురు జియాదాని ఇచ్చింది.

"మా అమ్మ నన్ను నీకివ్వలేదయ్యా, నీ లారీకిచ్చింది" అని జియాదా పెళ్లయిన వారానికే అంది. తరవాత నలభై ఏళ్లు ఆ మాట ఆవిడ వదల్లేదు.

పాత దేశం ముక్కలై, ఉన్న దేశం పేరు మారిన ఆ రెండు మూడు చలికాలాల్లో గొట్టాల్లో గ్యాసు రాలేదు, బొగ్గు రాలేదు. జనం పాత కుర్చీలు కూడా పొయ్యిలో పెట్టారు. ఆ రోజుల్లో కుత్లిమురాత్ వారానికి నాలుగు లోడ్లు తెచ్చాడు. తను తప్పు చేస్తున్నానని అతనికి ఒక్క క్షణం కూడా అనిపించలేదు. పక్కింట్లో పసిబిడ్డ చలికి నీలంగా మారుతుంటే చెట్టు గురించి ఎవరు ఆలోచిస్తారు?

కానీ దిబ్బలు కదిలాయి. పట్టి ఉంచే వేళ్లు పోయిన ఇసుక గాలి ఎటు తోస్తే అటు నడిచింది. ముందు ఊరి వెనక మేత నేల పోయింది. తరవాత జియాదా పుట్టింటి పెరటి గోడ పూడింది. ఒక వేసవిలో ఇసుక కిటికీ అంచుదాకా వచ్చింది. అతని అత్తగారు రోజూ పొద్దున్నే పారతో గుమ్మం ముందు ఎత్తిపోసేది, మర్నాటికి మళ్లీ అంతే ఉండేది. జియాదా తమ్ముడు ఒరిన్‌బాయ్ నవ్వుతూ, "మాకు తలుపు అక్కర్లేదు బావా, ఇంక కప్పు మీంచే దిగుతాం" అనేవాడు.

ఆ తరవాత కూతురు ఇంజిగుల్ దగ్గడం మొదలుపెట్టింది. పదేళ్ల పిల్ల. గాలి వచ్చిన ప్రతిసారీ పెదాలు నల్లబడేదాకా దగ్గేది. పట్నంలో డాక్టరు ఎక్స్‌రే బొమ్మ చూసి, మందుల చీటీ రాసి, కలం పక్కన పెట్టి అన్నాడు. "మందులిస్తాను. కానీ ఈ పిల్ల ఆ దుమ్ములో ఉండకూడదు." కుత్లిమురాత్ తన చెల్లెలి ఇంటికి, నదికి ఎగువన దుమ్ము చేరని ఊరికి, పిల్లని స్వయంగా లారీలో తీసుకెళ్లి దించి వచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు పక్క సీటు మీద పిల్ల చేతి తొడుగు ఒకటి పడి ఉంది. ఇంటి దగ్గర జియాదా దాన్ని తీసుకెళ్లి పెట్టె అడుగున దాచింది. అది చూసి అతనికి భయం వేసింది.

అదే ఏడాది మే నెలలో, ఎండు నేల దాటి అవతలి దిబ్బలకి చేరుతుండగా అతన్ని గాలి పట్టుకుంది. మిట్ట మధ్యాహ్నం లారీ ముక్కు కూడా కనపడనంత తెలుపు. ఇంజను ఆపి, తలకి గుడ్డ చుట్టుకుని, క్యాబిన్‌లో నాలుగు గంటలు కూర్చున్నాడు. గాలి తగ్గాక తలుపు తోసుకుని దిగి చూస్తే తను ఎక్కడున్నాడో తెలియలేదు. అటూ ఇటూ నడిచాడు. ఇసుకలోంచి పొడుచుకొచ్చిన ఒక ఇనుప మేకు కాలికి తగిలింది. గొలుసు కట్టుకోవడానికి తను పాతినదే. పన్నెండేళ్ల కింద అక్కడ సక్సౌల్ ఎంత దట్టంగా ఉండేదంటే ఆ పక్కన మేసే ఒంటె మూపురం కూడా కనపడేది కాదు. ఇప్పుడు కనుచూపు మేర ఒక్క పుల్ల లేదు. కుత్లిమురాత్ ఆ రోజు ఖాళీ లారీతో ఇంటికొచ్చాడు. మర్నాడు వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. ఎవరడిగినా "ఇంజన్లో ఇసక పడింది" అన్నాడు. అది నిజమే, కానీ అదొక్కటే కాదు.

రెండేళ్లు చిల్లర పనులు చేశాడు. ఊరికి నీళ్ల ట్యాంకు తోలాడు, గొర్రెలు కాశాడు. అప్పుడు వచ్చింది అటవీశాఖ ఇంజినీరు తాజాగుల్. ముప్పై ఏళ్ల మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, గొంతు మాత్రం మార్కెట్టులో చేపలమ్మే ఆవిడ గొంతు. నేరుగా ఇంటికొచ్చి చాప మీద కూర్చుంది.

"ఎండిన నేల మీద సక్సౌల్ వెయ్యాలి అన్నా. దారి తెలిసిన డ్రైవరు కావాలి. పట్నంలో నలుగుర్ని అడిగితే నలుగురూ మీ పేరే చెప్పారు."

"నా పేరు ఎందుకు చెప్పారో కూడా చెప్పే ఉంటారు" అన్నాడు కుత్లిమురాత్.

"చెప్పారు. ఎక్కడెక్కడ చెట్లుండేవో మీకే బాగా తెలుసట. పీకింది మీరేనట కదా!"

జొన్నరొట్టె తుంచుతున్న జియాదా చెయ్యి ఆగింది. ఇంటికొచ్చిన మనిషి ఇలా మొహం మీద మాట్లాడ్డం ఆ ఊళ్లో లేదు. కుత్లిమురాత్ టీ గిన్నె కింద పెట్టాడు.

"చెట్టేస్తే దుమ్ము ఆగుతుందా ఇంజినీరమ్మా?"

"ఒక్క చెట్టుతో ఆగదు. ఒక పెద్ద చెట్టు వేరు చుట్టూ నాలుగు లారీల ఇసక కదలకుండా కూచుంటుంది. ఆ కొమ్మలు తగిలిన గాలి జోరు తగ్గి, తెచ్చిన దుమ్ము అక్కడే దింపుకుంటుంది. దాని నీడలో గడ్డి వస్తుంది, గడ్డి వస్తే గొర్రె వస్తుంది. ఇలాంటివి వందా రెండొందలు కాదన్నా, లక్షలు కావాలి. మన జీవితం సరిపోదు."

"సరిపోకపోతే మొదలెట్టడం ఎందుకు?" అంది జియాదా.

"మరి ఊరికే కూచుంటే సరిపోతుందా వదినా?" అంది తాజాగుల్. జియాదా రొట్టె తుంచి ఆవిడ ముందు పెట్టింది. ఇంట్లో ఒప్పందం అలా కుదిరింది.

మొదటి ఏడాది వాళ్లు చేసినదంతా మట్టిపాలైంది. చలికాలంలో లారీ మీంచి గింజలు చల్లుకుంటూ పోయారు. సక్సౌల్ గింజకి సన్నని రెక్కలుంటాయి. అవి ఉప్పు పెంకు మీద పడి, జారి, గాలికి దొర్లి ఎటో పోయాయి. వసంతంలో చూస్తే వేసిన చోట నేల కడిగిన పళ్లెంలా ఉంది. ఊరంతా నవ్వింది. ఒరిన్‌బాయ్ అయితే కనపడ్డప్పుడల్లా వదల్లేదు.

"ఏం బావా, చేపలైపోయాయి, కట్టెలైపోయాయి, ఇప్పుడు గాలికి గింజలు తినిపిస్తున్నావా? గాలికి కడుపు నిండిందా, ఇంకా అడుగుతోందా?"

"నువ్వు తినేదానికంటే తక్కువే తింటోందిలే" అన్నాడు కుత్లిమురాత్. పైకి అన్నాడు గానీ లోపల కుంగిపోయాడు.

మే చివర్లో అవతలి దిబ్బల దగ్గర మిగిలిన కాసిని పాత చెట్లు చూద్దామని ఒక్కడే బయల్దేరాడు. దారిలో టైరు మార్చడానికి ఆగాడు. జాకీ పెట్టడానికి వంగినవాడు అలాగే ఉండిపోయాడు. పక్కనే పాత లారీ జాడ ఉంది. ఏళ్ల కింద తన లారీయే మంచు కరిగిన బురదలో దిగబడుతూ పోయిన రెండు లోతైన గీతలు. వాటిలో గాలి ఇసుక తెచ్చి నింపింది. ఆ ఇసుకలో, వేలెడంత ఎత్తున, పచ్చటి దారాల్లాంటి మొలకలు వరసగా నిలబడి ఉన్నాయి. గీతకి బయట ఒక్కటి లేదు. గీతలో మాత్రం చూపు ఆనినంత దూరం ఉన్నాయి. కుత్లిమురాత్ బోర్లా పడుకుని ఒకదాని చుట్టూ వేలితో తవ్వి చూశాడు. పైన ఇసుక పొడిగానే ఉంది, కింద జానెడు లోతులో తడి ఉంది. ఇసుక పొర ఉప్పుని కిందే ఆపింది, తేమని దాచింది, గింజని పట్టుకుంది.

టైరు సంగతి మరిచిపోయి అక్కడే చాలాసేపు కూర్చున్నాడు. ఇంటికొచ్చి జియాదాతో చెబితే ఆవిడ నమ్మలేదు. మర్నాడు తాజాగుల్‌ని తీసుకెళ్లి చూపించాడు. ఆవిడా బోర్లా పడుకుని చూసింది. లేచి బట్టలు దులుపుకుంటూ, "ఇది పుస్తకంలో లేదన్నా, కాదు, ఎక్కడో ఉండే ఉంటుంది, నేనే చదవలేదు" అంది. తరవాత పకపకా నవ్వింది. "ముందు గీత దున్నాలి. ఏడాది ఆగాలి. గాలే ఇసక తెచ్చి నింపుతుంది. అప్పుడు వేద్దాం."

"గాలి చేతే పని చేయిద్దామంటావు."

"చేయిద్దాం. ఇన్నాళ్లూ అది మన చేత చేయించింది కదా."

ఆ ఏడాది అంతా గీతలే దున్నారు. ఏమీ వెయ్యకుండా ఊరికే నేల చీరుకుంటూ పోతుంటే జనం ఇంకా నవ్వారు. మరుసటి చలికాలం ఇసుక నిండిన గీతల్లో గింజలు వేశారు. వసంతంలో సగానికి సగం మొలిచాయి. వేసవిలో వాటిలో సగం ఎండాయి. మిగిలినవి నిలిచాయి. కుత్లిమురాత్ నలభై ఏడో ఏట, ఇంట్లో చెప్పకుండా వెళ్లి, తను నాటిన మొక్కల మధ్య గొంతుక్కూర్చుని ఏడ్చాడు. ఈ సంగతి చాలా ఏళ్ల తరవాత తనే చెప్పాడు.

గింజలు కావాలి కదా, ఆ పని జియాదా ఎత్తుకుంది. నవంబరులో ఊరి ఆడవాళ్లని ఇరవై మందిని వెంటేసుకుని, మిగిలిన పాత చెట్ల కింద దుప్పట్లు పరిచి, కొమ్మల్ని కర్రలతో మెల్లగా దులిపించేది. గట్టిగా కొడితే మీద పడేది. "మీ ఆయన్ని కొట్టినట్టు కొట్టకే, విరిగిపోతుంది!" గింజల్ని ఇళ్ల కప్పుల మీద పరిచి, రోజూ తిరగేసి, గుడ్డ సంచుల్లో పోసేవారు. ఆ గింజ ఒక్క చలికాలమే బతుకుతుంది, వచ్చే ఏటికి దాచలేం. అందుకని సంచి కట్టిన రోజు నుంచీ జియాదాకి నిద్ర ఉండేది కాదు. "లెయ్యవయ్యా, గింజ ముసలిదైపోతోంది" అని మొగుణ్ని తెల్లారకుండా తరిమేది.

ఏళ్లు గడిచాయి. ఉత్తరం వైపు బూడిద పచ్చ రంగు గీత ఒకటి కనపడసాగింది. అది ఏటేటా లావెక్కింది. దుమ్ము పూర్తిగా ఆగలేదు, ఆగిందని ఎవరన్నా అంటే కుత్లిమురాత్ ఒప్పుకునేవాడు కాదు. కానీ ఇదివరకు నెలకి పది రోజులు పట్టే గాలి నాలుగైదు రోజులకి తగ్గింది. అత్తగారి గుమ్మం ముందుకి ఇసుక రావడం మానేసింది. ఆవిడ పార గోడకి చేరేసి, అది మళ్లీ తియ్యకుండానే హాయిగా కన్నుమూసింది. మొక్కల కింద గడ్డి మొలిచింది. తాబేళ్లు వచ్చాయి, కుందేళ్లు వచ్చాయి, వాటి వెంట నక్క వచ్చింది. కాపర్లు ఈనిన గొర్రెల్ని గాలి పడకుండా ఆ చెట్ల చాటున కట్టేసేవారు. ఇంజిగుల్ ఆ నది ఎగువ ఊళ్లోనే చదివి, నర్సయి, అక్కడే పెళ్లి చేసుకుంది. వేసవిలో వచ్చి పది రోజులుండి వెళ్లేది. దగ్గేది గానీ పెదాలు నల్లబడేవి కావు. "నిన్ను పంపకుండా ఉండాల్సింది" అని తండ్రి ఒకసారి అంటే, "పంపకపోతే నేను లేను కదా నాన్నా" అని ఊరుకుంది. ఆ విషయం మళ్లీ వాళ్ల మధ్య రాలేదు.

అన్నిటికంటే పాత గీతలోని చెట్లకి ఎనిమిదేళ్లు వచ్చిన ఏడాది, ఒరిన్‌బాయ్ కొడుక్కి పెళ్లి కుదిరింది. నవంబరు ఆఖర్లో ముహూర్తం. పెళ్లికి నాలుగు రోజుల ముందు, పొద్దున్నే గీతలు చుట్టి రావడానికి వెళ్లిన కుత్లిమురాత్‌కి పాత గీత మధ్యలో గోతులు కనపడ్డాయి. వేళ్లతో సహా పీకిన గోతులు. లెక్కపెట్టాడు, ముప్పై ఒకటి. ట్రాలీ జాడ సూటిగా ఊళ్లోకే పోతోంది. జాడ వెంట నడిచాడు. అది ఒరిన్‌బాయ్ పెరట్లోకి తిరిగింది. పెద్ద పెద్ద వంట డేగిసాల పక్కన కట్టెలు పేర్చి ఉన్నాయి. ఇంకా వాటికి పచ్చటి పుల్లలు వేలాడుతున్నాయి.

ఒరిన్‌బాయ్ గొర్రెలకి నీళ్లు పెడుతున్నాడు. బావని చూసి బకెట్టు దించాడు.

"చూశావా?" అన్నాడు.

"చూశాను."

"మూడొందల మందికి వంట బావా. ఆ గ్యాసు మంటకి మాంసం ఉడకదు, చలి కాచుకోడానికి కూడా పనికిరాదు. ముప్పై పొదలు తీశాను. నీ అడవిలో ముప్పై ఒక లెక్కా?"

"ఎనిమిదేళ్లురా అవి."

"నువ్వు పీకినవి నలభై ఏళ్లవి!" ఒరిన్‌బాయ్ గొంతు లేచింది. "నువ్వు అడవంతా పీకావు, నీకు పిల్లనిచ్చారు. మా అక్కనే ఇచ్చారు! నేను నా కొడుకు పెళ్లికి ముప్పై పొదలు తెచ్చుకుంటే దొంగనా? పోలీసుల్ని పిలుస్తావా? పిలు. పెళ్లికొడుకు తండ్రిని పట్టుకుపొమ్మను."

కుత్లిమురాత్‌కి ఆ మాట గుండెలో దిగింది. అక్షరం అక్షరం నిజం. వెనక్కి తిరిగి ఇంటికొచ్చాడు. జియాదా పెళ్లికి కొత్త శాలువా మడతపెడుతోంది. మొగుడి మొహం చూసి ఏమైందని అడిగింది. అతను చెప్పాడు. తమ్ముడన్న మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నిజమే అన్నాడు" అంది జియాదా.

"అవును. నిజమే."

ఆవిడ శాలువా పక్కన పెట్టి తమ్ముడింటికి నడిచింది. వాకిట్లో పొయ్యిలు తవ్వుతున్న చుట్టాల్ని దాటుకుంటూ పోయింది. కట్టెల దగ్గరికి వెళ్లి నిలబడింది.

"ఒరిన్‌బాయ్, ఇలా రా. మా ఆయన పీకింది నిజం. నేను ఆ కట్టెతో వండుకు తిన్నాను, నువ్వూ తిన్నావు, అమ్మా తింది. తరవాత ఆ ఇసక అమ్మ కిటికీ ఎక్కింది. నా కూతురు నా చేతిలోంచి పోయింది. అప్పుడు మాకు తెలీదు. నీకు తెలుసు. తెలిసి పీకావు. నేను నీకు ఒకే ఒక్క అక్కని. ఈ కట్టెతో వండిన ముద్ద నేను నోట పెట్టను. నీ కోడలి ముసుగు తియ్యడానికి నేను రాను."

కొత్త కోడలి ముసుగు తీసేది పెళ్లికొడుకు మేనత్తే. ఆవిడ రాని పెళ్లి ఆ ప్రాంతంలో ఎవరూ చూడలేదు. ఒరిన్‌బాయ్ మొహం ఎర్రబడింది, తరవాత పాలిపోయింది.

"ఏం చెయ్యమంటావక్కా? తిరిగి పాతిపెట్టనా?"

"పాతిపెడితే బతకవు. పేడ పిడకలు తెప్పించు, రెల్లు తెప్పించు, వంట అవుతుంది. పెళ్లయ్యాక వచ్చి గింజలెయ్యి."

పెళ్లి పిడకల మీద జరిగింది. మాంసం ఆలస్యంగా ఉడికింది, అన్నానికి కాస్త పొగ వాసన వచ్చింది, జనం ఆ రెండింటి గురించీ వారం రోజులు మాట్లాడుకున్నారు. జియాదా వెళ్లింది, కొత్త కోడలి ముసుగు తీసింది, కడుపునిండా తింది. జనవరిలో ఒరిన్‌బాయ్ అన్నమాట ప్రకారం వచ్చాడు. మూడు రోజులు గీతల్లో గింజలు వేశాడు. నాలుగో రోజు నడుం పట్టేసిందని రాలేదు. అయిదో రోజు తనకి బదులు కొత్త కోడల్ని పంపాడు.

ఆ అమ్మాయి పేరు ఉల్‌బోసిన్. అంటే 'ఈసారన్నా కొడుకు పుట్టాలి' అని. వరసగా నాలుగోసారి ఆడపిల్ల పుట్టాక తండ్రి పెట్టిన పేరు. సన్నగా, మాట్లాడకుండా వచ్చి నిలబడింది. కుత్లిమురాత్ గింజల సంచి ఇచ్చాడు. మధ్యాహ్నానికి ఆమె రెండు గీతలు ముగించింది. సాయంత్రం ట్రాక్టరు దగ్గర నిలబడి, "మామయ్యా, ఇది నడపడం కష్టమా?" అని అడిగింది.

"మీ మామ పంపింది గింజలెయ్యడానికమ్మా."

"మా మామ మూడు రోజుల్లో వేసింది నేను ఇవాళ వేశాను. మిగిలిన రోజుల్లో ఏం చెయ్యాలి మరి?"

జియాదా నవ్వాపుకోలేక తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చలికాలం అయ్యేలోపు ఉల్‌బోసిన్ ట్రాక్టరు నేర్చుకుంది. రెండేళ్లకి గీత దున్నడంలో కుత్లిమురాత్ కంటే ఆమె చెయ్యే సూటి అయింది. ఒరిన్‌బాయ్ ఊళ్లో అందరికీ, "మా కోడలు లేకపోతే ఆ అడవి ఎక్కడిది" అని చెప్పుకు తిరిగేవాడు. కుత్లిమురాత్ ఆ మాట ఎప్పుడూ కాదనలేదు. తాజాగుల్ పెద్ద ఉద్యోగం మీద పట్నం వెళ్లింది. పోయేముందు గీతల పటాలు రెండు కట్టలు కట్టి, ఒకటి కుత్లిమురాత్‌కి, ఒకటి ఉల్‌బోసిన్‌కి ఇచ్చింది.

అరవై ఆరో ఏట, అక్టోబరులో ఒక పూట, ఈసారి ఏ చెట్ల గింజ బాగుందో చూద్దామని కుత్లిమురాత్ అడవిలోకి నడిచాడు. ఉల్‌బోసిన్ అవతలి చివర దున్నుతోంది. ఒక చెట్టు చూసి, ఇంకో చెట్టు చూసి, గింజ వేళ్లతో నలిపి, నోట్లో వేసుకుని, అలా అలా లోపలికి పోయాడు. తిరిగి వద్దామని తలెత్తాడు. దారి తెలియలేదు.

ఆ నేల మీద అతను ఎప్పుడూ దారి కోసం చూసుకున్నవాడు కాదు. ఎటు చూసినా బోడి నేల, ఊరి నీళ్ల ట్యాంకు ఎక్కణ్నుంచైనా కనపడేది. ఇప్పుడు చెట్లు తలకంటే మూరెడు ఎత్తున్నాయి. ట్యాంకు లేదు, ఊరు లేదు, ఆకాశం ఒక్కటే ఉంది. ఎడమకి నడిస్తే చెట్లు. కుడికి నడిస్తే చెట్లు. మొదట కంగారు పడ్డాడు, చెమట పట్టింది. తరవాత ఒక మాను మొదట్లో చతికిలబడ్డాడు. పైన గాలి కొమ్మల్లో సన్నగా ఈలవేస్తోంది. కింద, అతను కూర్చున్న చోట, గాలి లేదు. పైకొమ్మ మీద పిచ్చుక గూడు ఒకటి ఉంది, ఖాళీది. ఇసుక మీద ఏదో చిన్న జంతువు అడుగులు గుడ్డ మీద కుట్టుపనిలా పోయాయి. జేబులోంచి జొన్నరొట్టె ముక్క తీసుకుని నెమ్మదిగా తిన్నాడు. అంత ఆదుర్దాలోనూ రొట్టెకి ఉప్పు తగల్లేదని గమనించాడు.

కాసేపయ్యాక గొంతెత్తి పిలిచాడు. ట్రాక్టరు చప్పుడు ఆగింది. హారను రెండుసార్లు మోగింది. ఆ దిక్కున నడిచాడు. ఉల్‌బోసిన్ చెట్ల అంచున నిలబడి కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఏమైంది మామయ్యా? దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా. తోవ తప్పాను."

"మీరా?" అంది. నవ్వాలో వద్దో తెలియక అతని మొహంలోకి చూసింది. అతను నవ్వుతున్నాడు. అప్పుడు ఆమె కూడా నవ్వింది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ జియాదాతో ఆ మాటే చెప్పాడు. ఆవిడ పిండి కలపడం ఆపి, ఎంత లోపలికి పోయాడో, ఎంతసేపు తిరిగాడో, చెట్లు ఎంతెత్తున్నాయో ఒక్కొక్కటే అడిగింది. అన్నీ విని మళ్లీ పిండి మీదికి వంగింది.

"రేపు నన్ను కూడా తీసుకెళ్లు" అంది. "నేనూ ఒకసారి తప్పి చూస్తాను."